రాయ్స్ చేతి తూటాలు

ఎల్డన్ హౌగెన్ ఇంటి నేలమాళిగలో తూటాలు నింపుకునే బల్ల ఒకటి ఉంది. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియకపోయి ఉంటే ఎంత బాగుండేదో అని అతను ఏటా అక్టోబరులో అనుకుంటాడు. అక్టోబరు వచ్చిందంటే ఎల్క్ దుప్పుల వేటకు వెళ్లే ప్రతివాడికీ ఎల్డన్ గుర్తొస్తాడు. చలికాలమంతా అతని వాకిట్లో మంచు పేరుకుపోయినా పార పట్టుకుని రానివాళ్లు కూడా, చర్చి మెట్ల మీద, పెట్రోలు బంకులో చెయ్యి పట్టుకుని ఆపేస్తారు. పళ్ల డాక్టరైతే ఇతను కుర్చీలో నోరు తెరుచుకుని కదల్లేని సమయం చూసి అడిగాడు. "ఖాళీ తూటా గుల్లలు నా దగ్గర బోలెడున్నాయి ఎల్డన్. ఓ డబ్బా నింపి పెట్టరాదూ?"

నోట్లోంచి దూది తీశాక ఎల్డన్ చెప్పే జవాబు ఒక్కటే. "నింపను. కావాలంటే వచ్చి నా బల్ల దగ్గర కూర్చో, నేర్పిస్తా. నీ తూటా నువ్వే నింపుకో." నేర్చుకోవడానికి ఎవరూ రారు. ఎల్డన్‌కి గీర ఎక్కువని మాత్రం చెప్పుకుంటారు.

చెప్పుకోనీ. గొట్టం మీద ఒకే సైజు అంకె చెక్కి ఉన్నంత మాత్రాన రెండు రైఫిళ్లు ఒకటైపోవు. ఒకదానిలో సుఖంగా పేలిన తూటా ఇంకోదానిలో వెనక్కి తన్ని, పేల్చినవాడి మొహం పగలగొట్టగలదు. పక్క లోయలో ఒకాయనకు అలాగే కన్ను పోయింది. ఆ తూటా నింపి ఇచ్చింది స్వయానా తోడల్లుడు. మంచి మనసుతోనే ఇచ్చాడు. ఇప్పుడు ఆ రెండు కుటుంబాలూ ఒకే చర్చిలో చెరో వైపు కూర్చుని, తలుపు దగ్గర ఒకరికొకరు ఎదురుపడకుండా వంతులు వేసుకుని బయటికి వస్తారు. అందుకే ఎల్డన్ ఎవరికీ నింపడు.

ఒక్కడికి తప్ప. ఆ ఒక్కడూ రాయ్స్ టిబెట్స్. ఆగస్టులో వారం రోజులు ఆసుపత్రిలో పడి ఉండి, నర్సులందరికీ కథలు చెప్పి చెప్పి పోయాడు. పోయాడు కదా, ఇక ఎల్డన్ ప్రాణానికి సుఖమే అని ఎవరైనా అనుకుంటే వాళ్లకు రాయ్స్ సంగతి తెలియదన్నమాట.

వేట సీజన్ శనివారం మొదలవుతుందనగా సోమవారం మధ్యాహ్నం ఎల్డన్ వాకిట్లో కట్టెలు పేరుస్తున్నాడు. వేడ్ స్కార్ పికప్ బండి వచ్చి ఆగింది. వేడ్ ట్రాక్టర్లు బాగుచేస్తాడు. ముప్పై దాటినవాడు, బుద్ధిమంతుడే. రైఫిల్ పట్టుకుని దిగాడు.

"పెద్దాయనా, దీన్ని కాస్త చూడండి. గురి సరిచూసుకుందామని ఒక్కటి పేల్చాను. బోల్టు బిగుసుకుపోయింది, ఎంత లాగినా రావడం లేదు."

"ఏం పేల్చావు?"

"మంచివే. రాయ్స్ చేతివి."

"ఎవరి చేతివి?"

"రాయ్స్ చేతివండీ. ఆయన నింపినవి."

ఎల్డన్ కట్టె కింద పడేశాడు. రైఫిల్ లోపలికి తీసుకెళ్లి, రబ్బరు సుత్తితో, గొట్టాన్ని వెనక నుంచి మూసే ఆ బోల్టును జాగ్రత్తగా కొట్టి కొట్టి తెరిచాడు. గుల్ల బయటపడింది. దాని అడుగు అప్పడంలా చదునైపోయింది. మధ్యలో నిప్పు రాజేసే ప్రైమర్ బిళ్ల ఇంకొంచెమైతే చిల్లిపడేది. ఆ ప్రైమర్ చుట్టూ సన్నగా పగడం రంగు వలయం ఉంది. అది అతని భార్య ఇనెజ్ వాడటం మానేసిన గోళ్ల రంగు. తేమ చేరకుండా ఎల్డన్ తన ప్రతి తూటాకూ ఆ రంగు పూస్తాడు. రాష్ట్రం మొత్తం మీద ఆ రంగు పూసే మనిషి ఇంకొకడు లేడు.

"డబ్బా ఏది?"

వేడ్ కోటు జేబులోంచి తీసిచ్చాడు. ఎల్డన్ ప్రతి డబ్బా మీదా చీటీ అంటిస్తాడు. దాని మీద ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు: రాయ్స్ రైఫిల్‌కి మాత్రమే, ఇంకెవరికీ ఇవ్వకూడదు. ఆ చీటీ ఇప్పుడు లేదు. గీకేసిన గుర్తు మాత్రం ఉంది. దాని మీద ఎల్క్ తలకాయ బొమ్మతో మెరిసే స్టిక్కరు. బొమ్మ కింద 'టిబెట్స్ స్పెషల్, చేతితో నింపినవి' అని అచ్చువేసి ఉంది.

అచ్చు వేయించాడు. ఆ మహానుభావుడు అచ్చు కూడా వేయించాడు.

"అంత్యక్రియల భోజనాలప్పుడు వాళ్లావిడ లోర్నా ఇచ్చింది," అన్నాడు వేడ్. "ఆయన గుర్తుగా ఉంచుకోమంది. నాకో డబ్బా, గస్‌కి ఒకటి, తన చెల్లెలు మార్లిస్‌కి ఒకటి. శనివారం పొద్దున మొదటి తూటా ముగ్గురమూ రాయ్స్‌దే పేల్చాలని అక్కడే మాటిచ్చుకున్నాం. ఎంత శ్రద్ధండీ ఆయనకి. బల్ల మీద ఒక్క రకం తుపాకి మందే ఉండాలి, నింపేటప్పుడు నోరు మూసుకోవాలి అని ఎప్పుడూ చెప్పేవాడు."

"నోరు మూసుకోవాలని చెప్పాడా? రాయ్స్?"

"ఎప్పుడూ అదే చెప్పేవాడండీ."

ఎల్డన్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అవి తన సూత్రాలు. నేలమాళిగ గోడ మీద తను రాసిపెట్టుకున్నవి. రాయ్స్ మొదట్లో నేర్చుకోవడానికే వచ్చాడు, ఆ మాట నిజం. త్రాసులో తుపాకి మందు తూస్తూ, మేనత్త పెళ్లిలో గుర్రం పారిపోయిన కథ ఎత్తుకున్నాడు. కథలో గుర్రం దొరికేసరికి ఒక గుల్లలో రెండింతల మందు పడింది, పక్క గుల్లలో ఏమీ పడలేదు. ఎల్డన్ ఆ రెండూ వంపేసి, "నువ్వు పైకెళ్లి ఇనెజ్‌తో కాఫీ తాగరా బాబూ. నీవి నేనే నింపుతా. లేకపోతే నీతోపాటు నన్నూ చంపుతావు" అన్నాడు. అలా తప్పాడు మాట. ప్రాణభయంతో తప్పాడు. ఆనాటి నుంచి రాయ్స్ ఏటా మెట్ల పైన కప్పు పట్టుకుని కూర్చుని, కిందికి మాట్లాడుతూనే ఉండేవాడు. ముయ్యరా నోరు అంటే, మూశాను అనేవాడు, వెంటనే మళ్లీ మొదలుపెట్టేవాడు.

ఎల్డన్ కసురుకునేవాడు గానీ పని మాత్రం ప్రాణం పెట్టి చేసేవాడు. రాయ్స్ రైఫిల్ ఏ సంతలోనో కొన్నది, ఎవడో గొట్టం లోపల అవసరానికి మించి తొలిచేశాడు. దానికోసం గుండును మామూలు కన్నా బయటికి జరిపి, మందు నిండుగా పోసి, ఆ ఒక్క రైఫిల్‌కి అతికినట్టు కుదిర్చాడు. ఇంకే రైఫిల్‌లో పెట్టినా గుండు ముందే వెళ్లి గొట్టాన్ని తన్నుకుని ఇరుక్కుంటుంది. వేడ్‌ది కొత్త రైఫిల్, గట్టిది, అందుకని బోల్టు బిగుసుకోవడంతో పోయింది. మార్లిస్ దగ్గర ఉన్నది ఆమె తాత రైఫిల్. ఆ పాత ఇనుము ఈ దెబ్బకు ఆగదు. ఆ అమ్మాయి చెంప దానికి ఆనించి పేలుస్తుంది.

"ఇవి పేల్చకు. డబ్బా నాకివ్వు," అన్నాడు ఎల్డన్.

"రాయ్స్ గుర్తండీ అది. ఎలా ఇస్తాను?"

"అయితే రైఫిల్ వదిలి వెళ్లు. బోల్టు సరిచేసి ఇస్తా."

రైఫిల్ తన దగ్గరుంటే వేడ్ దేనితోనూ పేల్చలేడు. మిగిలిన ఇద్దరి దగ్గరా ఆ ఎత్తు పారదు. ఎల్డన్ టోపీ పెట్టుకుని పికప్ ఎక్కాడు.

దారి పొడుగునా పక్క సీటును తిట్టాడు. పాతికేళ్లకు పైగా రాయ్స్ కూర్చున్న సీటు అది. "స్టిక్కర్లు వేయించావా వెధవా. చీటీ గీకేశావా. చదువు రాదా నీకు, ఇంకెవరికీ ఇవ్వకూడదు అంటే అర్థం కాదా." సీటు ఏమీ అనలేదు. రాయ్స్ పక్కన ఉండి ఏమీ అనకపోవడం ఎన్నడూ లేదు. ఎల్డన్‌కి కోపం ఇంకా పెరిగింది.

లోర్నా అతన్ని చూసి సంతోషించింది, హకిల్‌బెర్రీ పళ్లు పెట్టి కాల్చిన తీపి రొట్టె కోసి ముందు పెట్టింది. ఎల్డన్ ఫోర్కు ముట్టుకోలేదు. ఉన్నమాట ఉన్నట్టు చెప్పేసి పోదామనే వచ్చాడు.

"లోర్నా, ఆ తూటాల సంగతి..."

"నాకు తెలుసు ఎల్డన్. నీకూ ఒక డబ్బా ఇవ్వాల్సింది. మూడే ఉన్నాయి మరి. ఏమీ అనుకోకు."

"అది కాదు."

"నీ బల్ల వాడుకోనిచ్చావని ఎప్పుడూ చెప్పేవాడు. ఏటా నీకు జామ్ పంపించేదాన్ని, అందుకేగా. ఈ మధ్య నీ కళ్లు ఆనడం లేదనీ, నీవి కూడా తనే నింపి పెడుతున్నాననీ అన్నాడు. ఎవరితోనూ అనకు, ఎల్డన్ బాధపడతాడు అన్నాడు. నేను ఎవరితోనూ అనలేదు."

ఎల్డన్ ఫోర్కు తీసుకున్నాడు. ఏదో ఒకటి నోట్లో పెట్టుకోకపోతే నోట్లోంచి ఏం వచ్చేదో.

లోర్నా కిటికీలోంచి పెరటి వైపు చూసింది. అక్కడ రాయ్స్ కట్టిన కంచె ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. "ఇన్నేళ్ల కాపురంలో కుళాయి కూడా సరిగా బిగించలేదు. ఆ కంచె చూడు, దూడ తుమ్మితే పడిపోతుంది. మాటలు తప్ప ఇంకేం చేతకాదని మా నాన్న పెళ్లినాడే అన్నాడు. నాన్న పోయేదాకా అదే అన్నాడు. కానీ ఈ ఒక్క పని చేతులారా, శుద్ధంగా చేశాడు. అందుకే పంచాను. అతను చేసిందంటూ చూపించడానికి నాకు ఇంకేం ఉంది?"

ఎల్డన్ ఆ రొట్టె మొత్తం తినేశాడు. చాలా బాగుందని చెప్పి లేచాడు. చెప్పాల్సింది చెప్పకుండానే గుమ్మం దాటాడు. ఆమె ముందు ఆ మాట అనడం అతని వల్ల కాలేదు. అలాగని మార్లిస్ కన్ను పోగొట్టుకుంటుంటే చూస్తూ కూర్చోవడమూ కాదు.

గస్ పెట్రోవిచ్ గని పనిలోంచి రిటైరయిన మనిషి, అన్నిటికీ అనుమానమే. తలుపు సగమే తెరిచాడు.

"నీకు అసూయ," అన్నాడు.

"దేనికి?"

"ఊళ్లో నింపడం తెలిసినవాడివి నువ్వొక్కడివే అనుకున్నావు. రాయ్స్ నీకన్నా మేలని తేలేసరికి కడుపుమంట. ఇవ్వను పో."

"గస్, నీ మంచికే చెబుతున్నా. మొహం పగులుతుంది."

"రాయ్స్ మొహం పగిలిందా? ఏళ్ల తరబడి పేల్చాడుగా."

తలుపు మూసేశాడు. ఎల్డన్ మెట్లు దిగి పికప్ వైపు నడిచాడు. ఊళ్లోవాళ్లందరూ తూటాలు నింపమని అడిగితే చిరాకు. నింపిన తూటాలు తిరిగి ఇమ్మని ఇప్పుడు తను అడుక్కోవడం అంతకన్నా చిరాకు.

మార్లిస్ స్కూలు బస్సు నడుపుతుంది. షెడ్డులో మంచు దారిలో చక్రాలకు చుట్టే గొలుసులు ముందేసుకుని ఒక్కొక్కటీ సరిచూస్తోంది. ఎల్డన్ వచ్చిన పని చెప్పాడు.

"అంకె అదేగా," అంది మార్లిస్. "గొట్టం మీదా అదే, తూటా మీదా అదే."

"చెప్పుల సైజు ఒకటైనంత మాత్రాన నా చెప్పులు నీకు సరిపోతాయా?"

"సరిపోతాయి. ఎప్పుడైనా ఇచ్చి చూశావా ఏంటి?"

"మార్లిస్, వేళాకోళం కాదు. రాయ్స్ గొట్టంలో ఖాళీ ఎక్కువ. అందుకని గుండు బయటికి జరిపి, మందు నిండా పోసి నింపా..." ఎల్డన్ నాలుక కరుచుకున్నాడు. "నింపాడు. మీ తాత రైఫిల్‌లో పెడితే బోల్టు నీ చెంపలోకి వస్తుంది."

"అంటే బావ తప్పుగా నింపాడంటావు."

"తప్పుగా కాదు. తనకోసం నింపుకున్నాడు."

"మరి అక్క ఏం చేసినట్టు? చెల్లెల్ని చంపే సామాను అంత్యక్రియల్లో పంచిపెట్టిందంటావా? సరే, ఇప్పుడే ఫోన్ చేసి అడుగుతా. అక్కడే తేల్చుకుందాం."

ఆమె గ్రీజు చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది. మార్లిస్ అనుకున్నది చేసే మనిషి. ఒక్క నిమిషంలో లోర్నాకు ఫోన్ మోగుతుంది. తన చేత్తో ఇచ్చింది తన చెల్లెలి కన్ను తీయబోయిందని తెలుస్తుంది. అవి నింపిందెవరో, స్టిక్కరు అంటించిందెవరో, అన్నీ ఒకదాని వెనక ఒకటి బయటపడతాయి. ఆవిడకి ఇక మిగిలేది ఆ ఒరిగిన కంచె ఒక్కటే.

"ఆగు," అన్నాడు ఎల్డన్. "తప్పు నాదే."

మార్లిస్ ఆగింది.

"ఆసుపత్రిలో రాయ్స్ నాతో చెప్పాడు. తన తూటాలు మీకు చేరితే, వాటిని విప్పి, ఎవరి రైఫిల్‌కి సరిపోయేలా వాళ్లకి సర్ది ఇమ్మన్నాడు. తనకి ఓపిక లేదన్నాడు. ఎలా సర్దాలో కూడా చెప్పాడు. నేను మర్చిపోయాను."

"మర్చిపోయావా?"

"మర్చిపోయాను."

"చావబోయే మనిషి అడిగిన కోరిక! ఆగస్టు నుంచీ!"

"వయసు మీద పడింది మార్లిస్."

ఆమె అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "బావకి ఎంత ముందుచూపో చూడు. నీకేమో ఇంత మతిమరుపు. ఇనెజ్ నిన్నెలా భరిస్తోందో దేవుడికే తెలియాలి," అని బస్సు సీటు కింద నుంచి డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది.

సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది. పాస్టరు దారిలో ఎదురై, మరపు కూడా క్షమించదగినదే అని భుజం తట్టాడు. గస్ తనంతట తనే డబ్బా, రైఫిల్ తెచ్చి, "ఈ ముక్క మొదటే ఏడవచ్చుగా" అన్నాడు. వేడ్ తన డబ్బా ఇచ్చి, బాధపడకండి పెద్దాయనా అన్నాడు. పళ్ల డాక్టరు కూడా వచ్చాడు, రాయ్స్ తనకూ ఏదో మాటిచ్చాడని. ఎల్డన్ అతన్ని గుమ్మంలోనే ఆపి, "నీ పేరు చెప్పలేదు" అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో అతనికి దక్కిన సుఖం ఆ ఒక్కటే.

ఇనెజ్ వంటింట్లో చేతులు కట్టుకుని అంతా విన్నది. ఆమెకు నిజం తెలుసు, ఆ గోళ్ల రంగు ఆమెదే. "మరి ఇప్పుడు ఎంతమందికి నింపబోతున్నావు?" అంది.

"ముగ్గురికి."

"ఒక్కడి నోరు మూయించలేకపోయావు ఇన్నేళ్లూ."

గురువారం మార్లిస్ కూడా తాత రైఫిల్ పట్టుకొచ్చాక, ముగ్గురూ నేలమాళిగ మెట్ల మీద కూర్చున్నారు. కూర్చోమని ఎవరూ అనలేదు. తమ తూటాలు ఎలా తయారవుతాయో చూడాలట. ఎల్డన్ పాతవన్నీ గుండు ఊడదీసే సుత్తి గొట్టంలో పెట్టి కొట్టి విప్పాడు. తను ఎంతో శ్రద్ధగా కూర్చిన గుండ్లు ఒక్కొక్కటే ఊడి వచ్చాయి. మందు వంపేశాడు. ఒక్కో రైఫిల్‌లో గుండు ఎక్కడ ఆనుతుందో చూసుకుని, మందు కొలతల పుస్తకంలో అన్నిటికన్నా తక్కువ కొలత తీసుకుని, మళ్లీ మొదలుపెట్టాడు.

"రాయ్స్ ఇంత మెల్లగా చేసేవాడు కాదు," అన్నాడు గస్.

"నోరు ముయ్యి."

"రాయ్స్ కూడా అదే అనేవాడు," అన్నాడు వేడ్ భక్తిగా.

మధ్యాహ్నానికి లోర్నా ఒక కవరు పంపింది. అందులో మిగిలిన స్టిక్కర్లున్నాయి. రాయ్స్ పేరు వాటి మీద ఉండాలని కబురు. ఎల్డన్ ఒక్కో డబ్బా మీద ముందు తన చీటీ అంటించాడు, ఎవరి పేరు వాళ్లది, ఈ రైఫిల్‌కి మాత్రమే అని. దాని పక్కన ఎల్క్ తలకాయ అంటించాడు. స్టిక్కరు వంకరగా పడితే తీసి మళ్లీ అంటించాడు. అలా ఎందుకు చేశాడో అతనికే తెలియదు. శుక్రవారం కంకర గుంట దగ్గర మూడు రైఫిళ్లూ తనే పేల్చి చూశాడు. మొదట మార్లిస్ తాతది తీసుకుని, దాన్ని బండకు కట్టి, దూరం నుంచి తాడు లాగి పేల్చాడు. బోల్టు హాయిగా తెరుచుకుంది. తర్వాత మూడింటినీ భుజానికి ఆనించి పేల్చాడు.

శనివారం తెల్లవారుజామున కొండ మీద మూడు చోట్ల మూడు మోతలు వినబడ్డాయి. ఎల్డన్ తన చోట కూర్చుని, ప్రతి మోత తర్వాతా ఊపిరి బిగబట్టాడు. ఎవరి కేకా వినబడలేదు. ఆ రోజు అతను ఎల్క్‌ను చూడనే లేదు, వెతకనూ లేదు.

మార్లిస్‌కి మంచి ఎల్క్ దొరికింది. రాత్రి లోర్నా ఇంట్లో అందరికీ కార్జం, ఉల్లిపాయలు. మార్లిస్ రెండు చెంపలూ, రెండు కళ్లూ సవ్యంగా ఉన్న మొహంతో ఎదురుగా కూర్చుని తింటుంటే, ఎల్డన్‌కి కడుపు నిండిపోయినట్టయింది.

"తూటా ఎలా ఉంది?" అని అడిగాడు. అడగకూడదని అనుకుంటూనే అడిగాడు.

"ఫరవాలేదు," అంది మార్లిస్. "పని జరిగింది. కానీ ఏమాటకామాట చెప్పుకోవాలి, దెబ్బ మెత్తగా ఉంది. బావ చెయ్యి వేరు."

"అదే నేనూ అనుకున్నా," అన్నాడు గస్. "రాయ్స్‌వి అయితే ఆ దెబ్బే వేరు."

ఇనెజ్ బల్ల కింద ఎల్డన్ మోకాలు పట్టుకుంది. ఎల్డన్ ఉల్లిపాయలన్నీ ఫోర్కుతో పళ్లెం అంచుకు తోశాడు. అది కోపమో, రాయ్స్ మీద బెంగో చెప్పడం కష్టం. రెండూ ఎప్పుడూ కలిసే వచ్చేవి.

లోర్నా అతని పళ్లెంలో ఇంకో ముక్క వేసి, చెయ్యి మీద చెయ్యి వేసింది. "నువ్వు బాధపడకు ఎల్డన్. నువ్వూ నేర్చుకుంటావు. ఆ మాట తనే అన్నాడు. ఎల్డన్‌కి పని మీద శ్రద్ధ ఉంది, దగ్గర ఒకడు కూర్చుని చెబుతుండాలి అంతే అన్నాడు."

"అవును," అన్నాడు ఎల్డన్. "దగ్గర ఒకడు కూర్చుని చెబుతుండాలి."